ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో వాడుక సౌలభ్యం, సముదాయ స్ఫూర్తి

కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, నలుగురికీ పంచడానికి వీలైన లైసెన్సుతో విడుదల చేస్తే దాన్ని ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. లినక్స్ కెర్నెల్ మీద కట్టిన డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్, ఆర్చ్ వంటి డిస్ట్రోలు, బెర్క్‌లీ యూనిక్స్ సంతతికి చెందిన ఫ్రీబీఎస్‌డీ వంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటి వెనుక కంపెనీల జీతగాళ్లు ఉంటారు, తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటారు, బగ్ కనబడితే రాసి పంపే మామూలు వాడుకరులు ఉంటారు. వీళ్లందరినీ కలిపి సముదాయం అంటున్నాం.

ఈ సముదాయాలను మొదటి నుంచీ వెంటాడుతున్న చిక్కు ఒకటుంది. కొత్తవాళ్లకు సులువుగా ఉండాలంటే ఎవరో ఒకరు గట్టిగా నిర్ణయాలు తీసుకోవాలి: ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ సెట్టింగును దాచేయాలి, ఏ ప్రోగ్రామును ముందే పెట్టి ఇవ్వాలి. అందరి మాటా చెల్లాలంటే ఆ నిర్ణయాలు ఓ పట్టాన తెమలవు. అందుకే సౌలభ్యం, సముదాయం ఒకదానికొకటి అడ్డమని చాలామంది అనుకుంటారు. ముప్పై ఏళ్ల చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ లెక్క కుదరదు. సులువు చేసినందుకు జనం దూరమైన సందర్భాలు తక్కువ. సులువు పేరు చెప్పి అడగకుండా చేసిన మార్పులకు దూరమైన సందర్భాలే ఎక్కువ.

వాడేవాళ్లే తయారుచేసిన రోజులు

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. యూనిక్స్‌లా పనిచేసే పూర్తి స్వేచ్ఛా వ్యవస్థ ఆయన లక్ష్యం. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జీపీఎల్ లైసెన్సు వచ్చాయి. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, వాడేవాళ్లకు ఏం కావాలో చెప్పమని నెట్‌లో అడిగారు. మరుసటి ఏడాది లినక్స్ జీపీఎల్ కిందికి వచ్చింది.

అప్పట్లో వాడేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు అన్న తేడా పెద్దగా లేదు. ఎస్‌ఎల్‌ఎస్, 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ తెచ్చిన స్లాక్‌వేర్ వంటి తొలి డిస్ట్రోలు ఫ్లాపీల కట్టగా వచ్చేవి. అక్షరాలు తప్ప మరేమీ లేని నల్లటి తెర మీద నుంచి బొమ్మల తెరకు వెళ్లాలంటే మానిటర్ ఎంత ఫ్రీక్వెన్సీ తట్టుకుంటుందో దాని పుస్తకంలో వెతికి, ఆ అంకెలను ఒక ఫైలులో చేత్తో రాయాలి. తప్పు అంకె రాస్తే మానిటర్ పాడయ్యే ప్రమాదముందని సూచన పత్రాలు హెచ్చరించేవి. ఇన్ని తిప్పలు పడి తెర వెలిగించుకున్న మనిషి పక్కవాడికి చెప్పకుండా ఉండలేడు. అలా హౌటూ పత్రాలు పోగయ్యాయి. ఊరూరా లినక్స్ యూజర్ గ్రూపులు పుట్టాయి. సెలవు రోజున అందరూ తమ సీపీయూలు మోసుకొచ్చి ఒకే హాల్లో ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి మొదలైంది. ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, ఆ తొలి సముదాయాన్ని కలిపి ఉంచిన వాటిలో కష్టం కూడా ఒకటి. కష్టం తగ్గేకొద్దీ కలవాల్సిన అవసరమూ తగ్గింది. మన పెళ్లిళ్లలో బంధువులే విస్తళ్లు వేసి వడ్డించిన కాలానికీ క్యాటరింగ్ వచ్చాక కాలానికీ ఉన్న తేడా ఇక్కడా కనిపిస్తుంది.

1993 ఆగస్టు 16న అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించారు. దాని వెనుక కంపెనీ లేదు. 1997 జులైలో ఆ ప్రాజెక్టు ‘సామాజిక ఒప్పందం’ ఒకటి ఆమోదించుకుంది. బ్రూస్ పెరెన్స్ ముసాయిదా రాసిన ఈ పత్రంలో నాలుగో అంశం ఈ వ్యాస విషయానికి మూలం లాంటిది. తమకు ముఖ్యమైనవారు వాడుకరులు, తమకు ముఖ్యమైనది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని అది రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పింది. ఆ రెండూ ఎదురుపడితే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. దానికి జవాబు వెతకడానికి పాతికేళ్లు పట్టింది. ఆ కథ తర్వాత వస్తుంది.

డెస్క్‌టాప్ తగవు

మామూలు జనానికి లినక్స్ అంటే కెర్నెల్ కాదు, తెర మీద కనబడే డెస్క్‌టాప్. 1996లో జర్మనీలో మతియాస్ ఎట్రిక్ కేడీఈని మొదలుపెట్టారు. అది వాడుకున్న క్యూట్ లైబ్రరీ లైసెన్సు అప్పటికి పూర్తి స్వేచ్ఛనివ్వదన్న అభ్యంతరంతో 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెదెరికో మేనా గ్నోమ్‌ను ఆరంభించారు. మొదటిది సౌలభ్యం కోసం పుట్టింది, రెండోది సూత్రం కోసం. 2000లో క్యూట్ కూడా జీపీఎల్ కింద విడుదలైంది కానీ అప్పటికే రెండు డెస్క్‌టాప్‌లూ రెండు కుటుంబాలయ్యాయి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

2001లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ గ్నోమ్‌ను మామూలు వాడుకరుల ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో గమనించింది. రాసేవాళ్లకు కళ్లు తెరిపించిన అధ్యయనం అది. కార్యకర్తలు ఎవరికి నచ్చింది వాళ్లు చేర్చుకుంటూ పోవడంతో ప్యానెల్‌లో పెట్టుకోవడానికి గడియారాలే రకరకాలుగా ఉండేవి. ఏది తీసుకోవాలో తెలియక జనం ఆగిపోయారు. లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్‌లో పనిచేసే హావోక్ పెనింగ్టన్ 2002లో రాసిన ఒక వ్యాసంలో అసలు జబ్బును పట్టుకున్నారు. ఒక విషయం మీద ఇద్దరు కార్యకర్తలకు పొసగకపోతే తేల్చడం మానేసి రెండూ పెట్టి, మధ్యలో ఒక సెట్టింగు చేర్చడం ఓపెన్‌సోర్స్‌లో అలవాటు. తగవు అక్కడికి తీరుతుంది, బరువు వాడుకరి నెత్తిన పడుతుంది. ప్రతి సెట్టింగుకూ ఒక ఖరీదు ఉంటుందని ఆయన వాదం. ఆ ఏడాదే వచ్చిన గ్నోమ్ 2 చాలా సెట్టింగులను తీసేసింది. కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. మండిపడ్డవాళ్లలో టోర్వాల్డ్స్ కూడా ఉన్నారు. వాడుకరులను తెలివితక్కువవాళ్లుగా చూస్తున్నారంటూ 2005లో గ్నోమ్‌ను దుయ్యబట్టి, కేడీఈ వాడమని సలహా ఇచ్చారు.

మరో వైపు ఓపెన్‌సోర్స్ ఉద్యమానికి సిద్ధాంతకర్తగా పేరుపడ్డ ఎరిక్ రేమండ్‌కు 2004లో ఇంట్లో నెట్‌వర్క్ ప్రింటర్ పెట్టుకోవడం తలకు మించిన పనయింది. ఆ కోపంతో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఒక్కటే: కోడ్ రాసినవాడికి తెలిసిన సంగతి వాడుకరికి తెలియదని రాసినవాడికి తోచదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న ప్రోగ్రామర్‌కే చేతకాని పని మామూలు మనిషికి ఎలా సాధ్యమని ఆయన అడిగింది సబబే.

ఉబుంటు వచ్చాక

ఈ నేపథ్యంలో 2004 అక్టోబరు 20న ఉబుంటు తొలి విడుదల 4.10 వచ్చింది. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ తన థాట్ కంపెనీని 1999లో వెరిసైన్‌కు అమ్మి కోటీశ్వరుడయ్యారు, 2002లో సొంత డబ్బుతో అంతరిక్షానికి వెళ్లొచ్చారు, తర్వాత కెనానికల్ కంపెనీ పెట్టారు. డెబియన్‌ను పునాదిగా తీసుకుని, ఒకే సీడీలో ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాము మాత్రమే పెట్టి, ఆరు నెలలకోసారి చెప్పిన తేదీకి విడుదల చేయడం ఉబుంటు పద్ధతి. పది ఎడిటర్లలో ఒకదాన్ని ఎంచుకునే పని వాడుకరికి తప్పింది.

ఆ తొలి ఏళ్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సౌలభ్యం, సముదాయం ఒకే చేతి మీదుగా నడిచిన అరుదైన కాలం అది. షిప్‌ఇట్ పథకం కింద అడ్రసు ఇస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడికైనా సీడీలు ఉచితంగా, పోస్టు ఖర్చు కూడా లేకుండా వచ్చేవి. ఒకటి మనకు, మిగతావి స్నేహితులకు. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నా వేగం లేని మన దేశంలో 700 మెగాబైట్లు దించుకోవడం రాత్రంతా పట్టే పని. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఆ సీడీలు గది నుంచి గదికి తిరిగాయి. సీడీ అందుకున్నవాడు వాడుకరిగా మొదలై, పంచిపెట్టడంతోనే కార్యకర్తగా మారేవాడు. ఈ పథకం 2011 ఏప్రిల్‌లో ఆగిపోయింది.

రెండో సంగతి ప్రవర్తనా నియమావళి. ఇతరులను మన్నించండి, తెలియకపోతే అడగండి, పొసగకపోతే మూడో మనిషిని సంప్రదించండి, పని మానుకోవాల్సి వస్తే చెప్పాపెట్టకుండా పోకుండా మరొకరికి అప్పగించి వెళ్లండి అని అది కోరింది. కొత్తవాళ్ల ప్రశ్నకు పుస్తకం చదువుకో పో అని జవాబు చెప్పడం పరాక్రమంగా చెలామణి అయిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఉబుంటులో సౌలభ్యం తెర మీద కన్నా ముందు మాటతీరులో వచ్చిందనడం అతిశయోక్తి కాదు. లినక్స్ కెర్నెల్ వైపు అలాంటి నియమావళి 2018లో గానీ రాలేదు.

మూడోది పేపర్‌కట్స్. కాగితం అంచు తగిలి వేలు గీసుకుపోతే చావం గానీ చిరాకు. అలాంటి చిన్న చిన్న చిరాకులను, సులువుగా సరిచేయగలిగిన వాటిని, వంద ఏరి 9.10 విడుదలకు ముందు సరిచేద్దామని 2009లో పిలుపునిచ్చారు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా తమకు గుచ్చుకున్నదేమిటో రాసి పంపగలిగారు. వాడుకరి ఫిర్యాదు సముదాయం పనిగా మారే దారి ఇంత పొట్టిగా ఉన్న సందర్భాలు అరుదు. 2022లో కేడీఈ పదిహేను నిమిషాల బగ్గుల పేరుతో ఇదే పని చేసింది. కంప్యూటర్ ముందు పావుగంట కూర్చుంటే చాలు, కంటబడే లోపాలన్నమాట.

అక్కడి నుంచి దారి మారింది. 2010లో 10.04 విడుదలకు ముందు కిటికీ బటన్లు కుడి మూల నుంచి ఎడమ మూలకు వెళ్లాయి. ఎందుకని వందలాది మంది అడిగారు. ఇది ప్రజాస్వామ్యం కాదు, డిజైన్ నిర్ణయాలు అందుకు తగిన బృందం చేస్తుందని షటిల్‌వర్త్ జవాబిచ్చారు. సూటిగా చెప్పారని మెచ్చుకోవచ్చు కూడా. ఎందుకంటే తెర రూపం మీద అభిప్రాయం లేని మనిషి ఉండడు, కెర్నెల్ మెమరీ నిర్వహణ మీద అభిప్రాయం చెప్పేవాళ్లు పది మంది కూడా ఉండరు. అందరూ మాట్లాడగల విషయంలో అందరినీ కలుపుకుని పోవడమే కష్టం. అయితే ఆ జవాబుతో బటన్ల తగవు అధికారం తగవుగా మారిపోయింది.

2011 ఏప్రిల్‌లో 11.04తో గ్నోమ్ తెర స్థానంలో కెనానికల్ సొంతంగా తయారుచేసిన యూనిటీ వచ్చింది. 2012 అక్టోబరులో 12.10 మరో అడుగు వేసింది. కంప్యూటర్‌లో ఉన్న ఫైలు కోసం వెతికే పెట్టెలో అక్షరాలు కొడితే అవి కెనానికల్ సర్వర్లకు వెళ్లి, ఫైళ్ల పక్కనే అమెజాన్ సరుకులు కనబడేవి. కొంటే కంపెనీకి కమీషన్. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ విమర్శించింది, స్టాల్మన్ దీన్ని నిఘా సాఫ్ట్‌వేర్ అన్నారు. వెతకడం సులువు చేశామన్నది కంపెనీ సమర్థన. 16.04లో దాన్ని మొదటి నుంచే ఆపి ఉంచారు. 2013లో తెర మీద కిటికీలను చూపించే పనికి అందరూ వేలాండ్ వైపు వెళ్తుంటే కెనానికల్ మిర్ పేరుతో సొంత డిస్‌ప్లే సర్వర్ ప్రకటించింది. అదే ఏడాది ఉబుంటు ఎడ్జ్ ఫోను కోసం 3.2 కోట్ల డాలర్ల విరాళాలు కోరితే 1.28 కోట్ల దాకా వచ్చి ఆగింది. 2017 ఏప్రిల్‌లో ఫోను, కొత్త యూనిటీ రెండింటినీ వదిలేస్తున్నట్టు షటిల్‌వర్త్ ప్రకటించారు. 17.10తో ఉబుంటు మళ్లీ గ్నోమ్‌కు వచ్చింది, బటన్లు మళ్లీ కుడి పక్కకు వచ్చాయి.

యూనిటీ చెడ్డ తెర కాదు. చిన్న లాప్‌టాప్ తెరల మీద అది చాలా వాటికన్నా మెరుగు, ఇప్పటికీ దాన్ని తలుచుకునేవాళ్లు ఉన్నారు. కానీ దాన్ని భుజాన వేసుకుని మోసేవాళ్లు కెనానికల్ గోడల బయట పెద్దగా పుట్టలేదు. కంపెనీ దించేసిన రోజున అది నేల మీద పడింది.

విడిపోయే హక్కు

లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛల్లో రాజకీయంగా పదునైనది విడిపోవడం, అంటే ఫోర్క్. 2011లో ఇటు యూనిటీ, అటు కిటికీలకు మినిమైజ్ బటన్ కూడా ఉంచని గ్నోమ్ 3 ఒకే నెలలో వచ్చాయి. నచ్చనివాళ్లు పాత గ్నోమ్ 2 కోడ్ తీసుకుని మాటే డెస్క్‌టాప్‌గా కొనసాగించారు. 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ మొదలుపెట్టిన లినక్స్ మింట్, సినమన్ అనే సొంత తెర తయారుచేసుకుంది. కింద మెనూ, టాస్క్‌బార్, గడియారం: విండోస్ నుంచి వచ్చినవాడు తడుముకోకుండా వాడగలిగే అమరిక.

మింట్ కథలో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే ఇక్కడ సంప్రదాయమే సౌలభ్యం. ప్రాజెక్టు విరాళాల మీద నడుస్తుంది, నెలనెలా ఎంత వచ్చిందో ప్రకటిస్తుంది. ఉబుంటు పునాది మీద నిలబడుతూనే దాని ప్రతి నిర్ణయానికీ తలూపదు. ప్రోగ్రాములను స్నాప్ ప్యాకేజీలుగా ఇచ్చే కెనానికల్ పద్ధతిలో దుకాణం సర్వర్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఉబుంటు 20.04లో ప్రోగ్రాములను ఎక్కించే మామూలు ఏపీటీ ఆజ్ఞతో క్రోమియం బ్రౌజర్‌ను పెట్టబోతే లోపల స్నాప్ వచ్చి కూర్చోవడంతో మింట్ 20 ఆ దారిని మూసేసింది. ఉబుంటు ఎప్పుడైనా లేకుండా పోతే ఎలా అన్న ముందుచూపుతో నేరుగా డెబియన్ మీద కట్టిన మరో కూర్పును కూడా 2010 నుంచి నడుపుతోంది.

సర్వర్ల లోకంలో 2020 డిసెంబరులో జరిగింది కూడా ఇలాంటిదే. 2029 దాకా ఉంటుందనుకున్న ఉచిత సర్వర్ డిస్ట్రో సెంటోస్ 8 మరుసటి ఏడాది చివర్లోనే ఆగిపోతుందని రెడ్‌హ్యాట్ ప్రకటించింది. నెలల వ్యవధిలో దాని స్థానంలో రాకీ లినక్స్, అల్మా లినక్స్ పుట్టుకొచ్చాయి.

డెబియన్ ఓటు

ఇప్పుడు సామాజిక ఒప్పందంలోని ఆ నాలుగో అంశం. కొత్త లాప్‌టాప్‌లో వైఫై చిప్ పనిచేయాలంటే దాని లోపలికి ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలును ఎక్కించాలి. తయారీదారులు దాని సోర్సు ఇవ్వరు, కాబట్టి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, కాబట్టి డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. ఇన్‌స్టాల్ మధ్యలో ఫలానా ఫైలు కావాలి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి గుచ్చమని తెర అడిగేది. ఆ ఫైలు నెట్‌లో ఉంటుంది. నెట్ కావాలంటే వైఫై పనిచేయాలి. వైఫై పనిచేయాలంటే ఆ ఫైలు కావాలి. కేబుల్ పెట్టుకునే రంధ్రం కూడా లేని పలుచని లాప్‌టాప్‌లు వచ్చాక ఈ వలయం నుంచి బయటపడాలంటే ఇంకో కంప్యూటర్ ఉండాల్సిందే. ఫర్మ్‌వేర్ కలిపిన అనధికారిక ఇన్‌స్టాలర్ ఒకటి ఉండేది గానీ అది ఎక్కడుందో తెలిసినవాళ్లకే దొరికేది. చూపు లేనివాళ్ల ఇబ్బంది మరీ ఎక్కువ. ఇన్‌స్టాలర్ మాట్లాడితే విని పని చేసుకుంటారు. కొన్ని యంత్రాల్లో ఆ ధ్వనికీ ఫర్మ్‌వేర్ కావాలి.

2022లో స్టీవ్ మెకింటైర్ ఈ విషయాన్ని సాధారణ తీర్మానంగా సభ్యుల ముందు పెట్టారు. డెబియన్‌లో ఓటు అంటే అవును, కాదు అని తేల్చేది కాదు. రకరకాల ప్రతిపాదనలు బ్యాలట్‌లో ఉంటాయి, సభ్యులు వాటిని తమ ఇష్టం వరసలో పేరుస్తారు, ఒక్కోదాన్ని మిగతా వాటితో జతలుగా పోల్చి విజేతను తేలుస్తారు. ఫర్మ్‌వేర్ కలిపిన ఒకే ఇన్‌స్టాలర్, రెండూ పక్కపక్కన, పాత పద్ధతే, ఇలా అనేక దారులు పోటీపడ్డాయి. సామాజిక ఒప్పందాన్నే సవరించే ప్రతిపాదనకు ఒకటికి మూడు రెట్ల మద్దతు కావాలి. అక్టోబరు మొదట్లో ఫలితం వచ్చింది: ఒప్పందాన్ని సవరించి, ఫర్మ్‌వేర్‌తో ఒకే అధికారిక ఇన్‌స్టాలర్ ఇవ్వాలని. ఏ ఫర్మ్‌వేర్ ఎక్కిందో వాడుకరికి చెప్పాలి, వద్దనుకునేవాళ్లకు ఆపే మార్గం ఉండాలి అన్న షరతులు అందులో ఉన్నాయి. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 ఆ తీర్మానంతో వెలువడిన మొదటి విడుదల.

ఈ మార్పు ఉబుంటు చేసిన ఏ మార్పు కన్నా సూత్రానికి దగ్గరగా తగిలింది. అయినా దీని వల్ల ప్రాజెక్టు చీలలేదు. దీనికి విరుద్ధంగా 2014లో వ్యవస్థను ఆరంభించే ప్రోగ్రాముగా సిస్టమ్‌డీని తీసుకోవాలా అన్న విషయం సాంకేతిక కమిటీలో నాలుగు నాలుగు ఓట్లుగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలింది. అక్కడి నుంచి కొందరు విడిపోయి డెవువాన్ పెట్టుకున్నారు. రెండు నిర్ణయాలూ నిబంధనల ప్రకారం జరిగినవే. ఓడినవాళ్లకు తమ మాట పడాల్సిన చోట పడిందన్న నమ్మకం మొదటి దాంట్లో దొరికింది, రెండో దాంట్లో దొరకలేదు.

చెప్పినట్టే చేసిన కంప్యూటర్

2021 నవంబరులో కెనడా యూట్యూబర్ లినస్ సెబాస్టియన్ ఆటల కోసం లినక్స్‌కు మారి చూద్దామని పాప్ ఓఎస్ ఎక్కించుకున్నారు. ఆటలు దించుకునే స్టీమ్ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయబోతే పాప్ ఓఎస్ ప్రోగ్రాముల దుకాణం కుదరదంది. నెట్‌లో ఎక్కడ వెతికినా దొరికే సలహా ప్రకారం టెర్మినల్ తెరిచి ఏపీటీ ఆజ్ఞ ఇచ్చారు. ఆ వేళకు ప్యాకేజీల మధ్య ఒక పొరపొచ్చం ఉంది. స్టీమ్ పెట్టాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని ఏపీటీ లెక్క తేల్చింది. తీసేయబోయే వాటి పొడవాటి జాబితా చూపించి, ఇది ప్రమాదకరం కావచ్చు, అయినా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేయమంది. ఆయన చేశారు. మళ్లీ తెర వెలిగేసరికి డెస్క్‌టాప్ లేదు.

చూసినవాళ్లు రెండు వర్గాలయ్యారు. హెచ్చరిక స్పష్టంగా ఉంది, చదవకుండా కొట్టినవాడిదే తప్పని ఒక వర్గం. ఒక ఆట ప్రోగ్రాము పెట్టుకోబోతే మొత్తం తెర పోయే అవకాశం ఉండడమే తప్పని మరో వర్గం. ఆ వాక్యం పాతికేళ్ల అనుభవమున్న నిర్వాహకుడి కోసం రాసింది. అది ఆపద చెబుతుంది గానీ వెనక్కి తిరగమని చెప్పదు. అప్పటికే దుకాణం ఒకసారి కారణం సరిగా చెప్పకుండా కాదన్నది, అందుకే ఈ హెచ్చరిక కూడా దాటాల్సిన మరో అడ్డంకిలాగే కనబడింది. సముదాయం చివరికి రెండో వర్గం మాటే విన్నది. పాప్ ఓఎస్ తయారుచేసే సిస్టమ్76 తన కూర్పును సవరించుకుంది. డెబియన్ వైపు ఏపీటీ కూడా కొత్త విడుదలలో అత్యవసర ప్యాకేజీలను అలా తీసేసే పరిష్కారాల జోలికి వెళ్లకుండా మారింది. ఒక వాడుకరి పరాభవం వల్ల లక్షల యంత్రాలు కాస్త భద్రమయ్యాయి. కోడ్ అందరి చేతుల్లో ఉన్నందుకే ఆ సవరణ పాప్ దగ్గర మొదలై డెబియన్ దాకా వెళ్లగలిగింది.

సులువు చేయని సముదాయాలు

సౌలభ్యమే వద్దనుకున్న సముదాయాలు కూడా ఉన్నాయి. 2002లో జడ్ వినెట్ ఆరంభించిన ఆర్చ్ లినక్స్ తనను తాను కొత్తవాళ్ల వ్యవస్థగా చెప్పుకోదు, తానేం చేస్తున్నాడో తెలుసుకోదలచిన వాడుకరికి ఉద్దేశించినదంటుంది. ఇన్‌స్టాల్ చేయాలంటే డిస్కును చేత్తో విభజించుకోవాలి, ఒక్కో ముక్కనూ పేర్చుకోవాలి. అయితే ఆ పనులు నేర్పడానికి వాళ్లు రాసుకున్న ఆర్చ్ వికీని ఉబుంటు, ఫెడోరా వాడేవాళ్లు కూడా రోజూ తెరుస్తారు. సులువు కాని డిస్ట్రో మిగతా డిస్ట్రోలన్నిటి వాడకాన్ని సులువు చేసింది. 2021లో ఆర్చ్ కూడా ప్రశ్నలు అడిగి ఇన్‌స్టాల్ చేసి పెట్టే స్క్రిప్టు ఒకటి సీడీలో చేర్చింది. పాతకాపులు కొందరు మూతి ముడిచారు గానీ కొంపలేం మునగలేదు.

వాడుకరులు పెరిగేకొద్దీ వచ్చే బరువు గురించి ఈ చర్చల్లో తక్కువ మాట్లాడతారు. లక్షల మందికి సులువైన వ్యవస్థ కింద ఇద్దరో ముగ్గురో, ఒక్కోసారి ఒక్కరో చూసుకునే లైబ్రరీలు ఉంటాయి. డబ్బు కట్టిన వినియోగదారు గొంతుతో విసుక్కునేవాళ్లు ఎక్కువై, చేయి వేసేవాళ్లు పెరగకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కుదింపు లైబ్రరీ చూపించింది. అలసిపోయిన నిర్వాహకుడి మీద ఆలస్యమెందుకంటూ ఒత్తిడి తెచ్చి, సాయం చేస్తానంటూ ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించిన ఒక వ్యక్తి అందులో రహస్య ద్వారం పెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టారు.

తెలుగు తెర

తెలుగువాళ్లకు సంబంధించినంత వరకు సౌలభ్యమంటే మొదట అక్షరం సరిగా కనబడటం. 2000ల తొలినాళ్లలో లినక్స్ తెర మీద ఒత్తులు పక్కకు జారేవి, గుణింతాలు విడిపోయి చుక్కల వలయాల మీద కూర్చునేవి. పాంగో, తర్వాత హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు ఆ పని నేర్చుకున్నాక, తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్‌హ్యాట్ ఇచ్చిన లోహిత్ తెలుగు వంటివి డిస్ట్రోలతోనే రావడం మొదలయ్యాక బొమ్మ మారింది. 2005లో హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ బృందం తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మెనూలలోని వేల మాటలను కాలేజీ విద్యార్థులు, కార్యకర్తలు కూర్చుని తెలుగు చేశారు. అనువాదం ఒకసారి చేస్తే తీరే పని కాదు. గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త మాటలతో వస్తుంది, పాత మాటలను మారుస్తుంది. విద్యార్థులు ఉద్యోగాల్లోకి వెళ్లాక ఆ పలక మీద ఇంగ్లిషు మళ్లీ తేలుతుంది.

టైపు చేయడం మరో ఘట్టం. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, డీటీపీ ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన ఆపిల్ అమరిక, ఇవన్నీ లినక్స్‌లో ఉన్నాయి. ఎమ్17ఎన్ అనే సంగ్రహంలో దొరుకుతాయి, ఐబస్ ద్వారా పనిచేస్తాయి. ఉన్నాయని తెలిసినవాళ్లకు మాత్రమే. సెట్టింగులు తెరిచి, భాష చేర్చి, ఆ ప్యాకేజీ విడిగా ఎక్కించుకుని, లాగవుట్ అయి వచ్చేసరికి సగం మంది ఫోనులోనే కొట్టుకుంటామంటారు. ప్రింటింగ్ ప్రెస్సుల సంగతి వేరు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ చుట్టూ అల్లుకున్న తెలుగు డీటీపీ విండోస్‌ను వదలడానికి ఎన్ని డిస్ట్రోలు వచ్చినా సరిపోలేదు. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో లేకపోవడం ఇందుకు పెద్ద కారణం.

దక్షిణాది రాష్ట్రం కేరళ మరో దారి పట్టింది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లను గ్నూ/లినక్స్‌కు మార్చింది. విజయానికి కారణం తెర అందం కాదు. ఉపాధ్యాయులకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు, వాళ్లలోనే కొందరిని శిక్షకులుగా తయారుచేశారు, పాఠ్యపుస్తకాన్ని ఆ వ్యవస్థ మీదే రాశారు. కంప్యూటర్ మొరాయిస్తే అడగడానికి పక్క బడిలో మనిషి ఉన్నాడు. డెబియన్ వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో ఆ రాష్ట్రంలోని కొచ్చిలోనే జరిగింది. దీనికి భిన్నంగా జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక దాదాపు 15,000 కంప్యూటర్లను 2013 నాటికి లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని నిర్ణయించింది. ఉద్యోగుల ఫిర్యాదులు, ఇతర కార్యాలయాలతో ఫైళ్ల ఇబ్బందులు, మారిన రాజకీయ నాయకత్వం, అన్నీ కలిశాయి.

ఇప్పటి పరిస్థితి

2022 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ అమ్మకానికి పెట్టిన స్టీమ్ డెక్ చేతి ఆటల యంత్రం లోపల ఆర్చ్ మీద కట్టిన స్టీమ్‌ఓఎస్ ఉంది. కొన్నవాళ్లలో చాలామందికి తాము లినక్స్ వాడుతున్నామన్న స్పృహ కూడా ఉండదు. మూల వ్యవస్థను చదవడానికే తప్ప మార్చడానికి వీలులేకుండా మూసి ఉంచుతారు. తాళం తీసి మార్చుకోవచ్చు గానీ తర్వాతి అప్‌డేట్ ఆ మార్పులను తుడిచేస్తుంది. కొత్త ప్రోగ్రాములు ఫ్లాట్‌ప్యాక్ అనే పొట్లాలుగా విడిగా కూర్చుంటాయి. ఫెడోరా సిల్వర్‌బ్లూ కూడా ఇదే దారిలో ఉంది. సెబాస్టియన్‌కు జరిగిన ప్రమాదం వీటిలో జరగడం చాలా కష్టం. లోపలి భాగాలను కెలికి నేర్చుకున్న పాత తరానికి ఇది రుచించదు. అయితే స్టీమ్ డెక్ కోసం వాల్వ్ డబ్బిచ్చి చేయించిన డ్రైవర్ల పని, కేడీఈ మెరుగులు అందరి డిస్ట్రోలకూ అందుతున్నాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. బాగానే పనిచేస్తున్నా విండోస్ 11కు అర్హత లేని కంప్యూటర్లు ఉన్నవాళ్ల కోసం కేడీఈ కార్యకర్తలు, మరికొన్ని బృందాలు ఎండ్ ఆఫ్ 10 అనే ప్రచారం చేపట్టాయి. అందులో ఏ డిస్ట్రో దించుకోవాలో చెప్పే జాబితా కన్నా ఏ ఊళ్లో ఎవరు సాయం చేస్తారో చూపే జాబితాకే పెద్ద పీట వేశారు: పాత వస్తువులు బాగుచేసే కేఫ్‌లు, లినక్స్ యూజర్ గ్రూపులు, ఇన్‌స్టాల్ చేసి పెట్టే దుకాణాలు, అవి తెరిచి ఉండే వేళలు.